నెలపాడు బావిలో ఎడమ చుట్టు

41వ ఏడు, 9వ రోజు

పొద్దున బావి ఊడ్చి, గోడ రబ్బరు తుడిచి, మొదటి నలుగురినీ లోపలికి పంపానో లేదో గిడ్డంగి నుంచి కబురొచ్చింది. గురవయ్య మడమ నరం తెగింది. పై అరలో పెట్టె అందుకోవడానికి ఎగిరాడట. కాలు నేల వదులుతుండగానే ఎండు కందిపుల్ల విరిచినట్టు చప్పుడైందట. పక్కవాళ్ళు పెట్టె పగిలిందనుకున్నారు. గురవయ్య మాత్రం వెనక్కి తిరిగి, "ఎవడ్రా నా కాలి మీద తన్నింది?" అని అరిచాడట. వెనకాల ఎవరూ లేరు.

ఈ ఏడు ఇది ఆరోది. ఆరుగురికీ ఎడమ కాలే.

నా పేరు నాంచారమ్మ. నెలపాడు బావి కాపరిని. మొదటి ఓడలో అమ్మానాన్నలతో నెల్లూరు నుంచి చంద్రుడి మీదికి వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఇప్పుడు యాభైమూడు. ఈ పుస్తకంలో నేను రాయాల్సింది ఎవరు ఎన్ని చుట్లు తిరిగారన్నదే. కానీ నాకు ముందు ఈ పని చేసిన కోటయ్య తాత తనకు తోచిందల్లా రాసేవాడు. నాకూ ఆ అలవాటే వచ్చింది.

బావి అంటే నీళ్ళున్నది కాదు. ముప్పైమూడు అడుగుల వెడల్పున గుండ్రంగా తవ్విన గొయ్యి, చుట్టూ నిలువు గోడ, గోడ అడుగున ఎక్కడానికి ఏటవాలు గట్టు, గోడకి గరుకు రబ్బరు. ఇక్కడ మనిషి తూగేది భూమి మీద తూగే దాంట్లో ఆరో వంతే. అలా వదిలేస్తే ఎముకలు పిండైపోతాయి. అందుకని ఊళ్ళో నూట ఎనభై నాలుగు మందీ రోజుకి రెండుసార్లు, ఆరేసి నిమిషాలు, ఆ గోడ మీద అడ్డంగా పరుగెత్తాలి. వేగం అందుకుంటే గోడే నేలవుతుంది, ఒంటికి బరువొస్తుంది. అందరూ కుడి చుట్టే తిరుగుతారు, గుళ్ళో ప్రదక్షిణం చేసినట్టు. ఎడమ చుట్టు తిరిగేది చావు జరిగినప్పుడే. పోయినవాళ్ళ ఇంటివాళ్ళు మూడు చుట్లు ఎడమకి తిరిగి దిగుతారు. నలభై ఏళ్ళలో పంతొమ్మిది సార్లు అలా జరిగింది.

16వ రోజు

భూమి నుంచి ఉత్తరం వచ్చింది. పంచాయతీ పెద్ద సింగరాజు గారు అందర్నీ భోజనాల గదిలో కూర్చోబెట్టి చదివి వినిపించారు. తనిఖీ ఓడ మూడువందలవ రోజున వస్తుంది. అప్పటికి మడమలు తెగినవాళ్ళు పదిమంది అయితే ఊరు ఆరోగ్యానికి పనికిరాదని తేల్చి, మొత్తం ఖాళీ చేయిస్తారు.

ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు నూట పదిమంది. వాళ్ళ గుండెలు భూమి బరువుకి తట్టుకుంటాయో లేదో ఎవరూ చెప్పలేరు.

"ఎడమ మడమలో ఏ మాత్రం నొప్పున్నా నేటి నుంచి బావిలోకి దిగొద్దు. విశ్రాంతి తీసుకోండి. గిడ్డంగిలో నిచ్చెనలు వేయిస్తాను. ఎవ్వరూ ఎగరొద్దు," అన్నారు సింగరాజు గారు.

మంచిమాటే అనిపించింది. పేర్లు రాసుకున్నాను. ఇరవైమూడు మంది.

61వ రోజు

నిచ్చెనలు వేశారు. అయినా ఏడోదీ ఎనిమిదోదీ తెగాయి. ఒకడు మంచం మీంచి లేస్తూ, ఇంకొకామె పాలడబ్బా జారితే పట్టుకోబోతూ. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళం ఎగరాలంటే ఎడమ కాలే తన్నుతాం. ఈ నేల మీద ఎగరకుండా నడవమంటే చేపని ఈదొద్దన్నట్టే.

నాకు నిద్ర పట్టనివ్వనిది అది కాదు. ఈ ఇద్దరూ విశ్రాంతి తీసుకుంటున్న ఇరవైమూడు మందిలో వాళ్ళే. నలభై రోజులుగా బావి మొహం చూడలేదు. వాడని కాలు ఎందుకు తెగుతుంది?

64వ రోజు

బూట్లకి అడుగు అట్టలు మార్చే రోజు. పరుగు బూట్లన్నీ నా దగ్గరికే వస్తాయి. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని. కుడి బూటు అరిగిపోయి వస్తుంది, ఎడమ బూటు కొత్తదానిలా ఉంటుంది. రబ్బరు ఆదా అవుతుందని కుడివాటికే అట్ట వేసి పంపేస్తుంటాను. ఇవాళ మాత్రం ఆ ఎడమ బూటు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

పన్నెండు జతలు సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టర్ మస్తాన్‌వలి మనిషి సన్నం, మాట మెత్తన. ఆరేళ్ళ కిందట వచ్చాడు. నన్ను అక్కా అంటాడు.

బల్ల మీద బూట్లన్నీ వరసగా పేర్చాను. "డాక్టరు గారూ, ఏ కాలు ఎక్కువ పని చేస్తోందో చెప్పండి."

చూశాడు. "కుడి. అనుమానం లేదు."

"మరి తెగేది ఎడమది కదా!"

ఒక బూటు తీసి తిప్పి చూసి పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. పన్నెండూ చూశాక, "అక్కా, నీ రెండు కాళ్ళూ ఒకసారి ఈ యంత్రం కింద పెట్టు," అన్నాడు.

తెర మీద నా మడమలు కనిపించాయి. కుడివైపు నరం నా బొటనవేలంత మందం. ఎడమవైపుది చిటికెన వేలంత కూడా లేదు.

70వ రోజు

గోడ రబ్బరు కింద బరువు కొలిచే పలకలు నాలుగు అమర్చాం. మొదట పినాకినిని పరుగెత్తించాం. సింగరాజు గారి కొడుకు కూతురు, పంతొమ్మిదేళ్ళది. ఊళ్ళో అంత వేగంగా తిరిగేవాళ్ళు లేరు. తర్వాత అన్ని వయసులవాళ్ళనీ కలిపి నలభైమందిని.

కుడి కాలు నూరు పాళ్ళు నొక్కితే ఎడమ కాలు ఎనభై ఒకటి. మెల్లిగా తిరిగే ముసలివాళ్ళలో డెబ్భై. పినాకినిలో మాత్రం తొంభై.

"ఎందుకలా?" అని అడిగాను.

మస్తాన్‌వలి ఒక గిన్నె అడ్డంగా పట్టుకుని లోపల రెండు వేళ్ళు నడిపించి చూపించాడు. "కుడి చుట్టు తిరిగేటప్పుడు గోడ మీద మనం అడ్డంగా పడుకున్నట్టుంటాం కదా. కుడికాలు కిందికి, నేల వైపు. ఎడమకాలు పైకి, కప్పు వైపు. చంద్రుడు లాగేది కొంచెమే అయినా ఊరుకోడు, పక్కకి లాగుతూనే ఉంటాడు. ఆ లాగుడంతా కుడికాలు కాచుకుంటుంది. ఎడమ మోకాలు కాస్త వంగి ఉండిపోతుంది. పిక్క పూర్తిగా బిగుసుకోదు. పిక్కని మడమకి కట్టే తాడుకి పని తగ్గిపోతుంది."

"పని తగ్గితే అరుగుదల తగ్గాలి గదా?"

"మామూలు తాడైతే అంతే. ఇది బతికున్న తాడక్కా. లాగితేనే బలుస్తుంది. లాగకపోతే నీరసపడుతుంది. నలభై ఏళ్ళుగా మనం బావిలో కుడికాలికి తిండి పెట్టి, ఎగిరే పని ఎడమకాలికి చెబుతున్నాం. కొత్త గిడ్డంగిలో అంత ఎత్తు అరలు కట్టాక ఆ బలహీనత బయటపడింది."

"అంటే విశ్రాంతి తీసుకుంటున్న ఇరవై ఒక్కమంది..."

"రోజురోజుకీ ఇంకా సన్నబడుతున్నారు. ఆ సలహాకి నేనూ తలూపాను." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

దీనికి మందు నాకూ తట్టింది. పైకి అన్నది మాత్రం అతనే. "ఎడమ చుట్టు తిరగాలి."

74వ రోజు

పంచాయతీలో ఏడుగురు. మస్తాన్‌వలి కొలతలు చూపించాడు, నేను బూట్లు చూపించాను. బాగానే విన్నారు. ఎడమ చుట్టు అనగానే గది బిగుసుకుపోయింది.

సింగరాజు గారికి డెబ్భై ఒకటి. ఈ బావి తవ్విన పదకొండు మందిలో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కరే. గొంతు పెంచకుండా అన్నారు.

"నాంచారమ్మా, నాలుగేళ్ళ కిందట మా ఆవిడ రమణమ్మ పోయినప్పుడు నేను ఆ చుట్టు తిరిగాను. నువ్వే తలుపు తీశావు. ఆ మూడు చుట్లు ఎలా తిరిగానో నాకు తెలుసు. పసిపిల్లల్ని రోజూ అలా తిరగమంటావా?"

"పిల్లల కాళ్ళు నిలబడాలనే అడుగుతున్నాను బాబాయ్."

"ఎడమ చుట్టు చచ్చినవాళ్ళది. మనకి గుడి లేదు, ఏరు లేదు, ఊరి పొలిమేర లేదు. ఆ ఒక్క తేడా ఉంది, బతుక్కీ చావుకీ మధ్య. దాన్ని చెరిపేయమనకు."

ఓట్లు వేశారు. ఒప్పుకున్నవాళ్ళు ఇద్దరు, వద్దన్నవాళ్ళు ఐదుగురు.

బయటికొచ్చాక మస్తాన్‌వలి, "బావి శుభ్రం చేసే వేళలో లోపల ఎవరుంటారక్కా?" అని అడిగాడు.

"నేను."

"శుభ్రం చేసేటప్పుడు ఏ వైపు తిరగాలో రూలుందా?"

లేదు.

76వ రోజు

మధ్యాహ్నం బావి ఖాళీ చేయించి తుడవడం అయ్యాక బూట్లు బిగించుకున్నాను. ఎడమకి తిరిగి పరుగందుకున్నాను. గట్టు ఎక్కాను, గోడ ఎక్కాను. నాలుగో అడుగుకి ఎడమ కాలు కిందికొచ్చి బరువంతా దాని మీద పడింది. అలవాటు లేని కోడలికి అత్తారిల్లంతా అప్పజెప్పినట్టు అది తడబడింది. గోడ మీంచి జారి భుజం మీద పడ్డాను.

తల ఎత్తితే పైన అద్దాల వరండాలో పాతికమంది. ఒకావిడ బిడ్డ కళ్ళు మూసింది. ఎవరో, "ఎవరు పోయారు?" అని అడగడం వినిపించింది.

"ఎవరూ పోలేదు!" అని కిందనుంచి అరిచాను. "ఎవరూ పోకూడదనే తిరుగుతున్నా!"

లేచి మళ్ళీ ఎక్కాను. పదకొండు చుట్లు. నా ఎడమ మడమలో ఆర్నెల్లుగా నొప్పి ఉంది, ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

92వ రోజు

రోజూ తిరుగుతున్నాను. మస్తాన్‌వలి లెక్కగా చెప్పాడు. మొదట రెండు నిమిషాలే, రోజుకి అర నిమిషం కూడా పెంచొద్దు. మిగతా సమయం ఎడమ కాలి ముందు పాదం మెట్టు అంచున పెట్టి, వీపుకి బరువు కట్టుకుని, మెల్లిగా లేచి, అలాగే ఆగి, మెల్లిగా దిగడం. కండ తొందరగా బలుస్తుందట, ఈ తాడు మాత్రం నెలలు తీసుకుంటుందట. తొందరపడితే మన చేత్తో మనమే తెంపుకున్నట్టు.

మాట్లాడేవాళ్ళు తగ్గారు. భోజనాల గదిలో నా బల్ల దగ్గర జాగా ఖాళీగానే ఉంటోంది. అయినా నా నొప్పి సగానికి దిగింది.

ఇవాళ తొమ్మిదోది తెగింది. బడిలో చెప్పే సుగుణమ్మ. కుర్చీలోంచి లేచిందంతే.

ఇంకొక్కటి చాలు.

97వ రోజు

పినాకిని వచ్చింది. పుస్తకంలో తన పేరెదురుగా వారం నుంచి ఖాళీ ఎందుకుందని అడిగాను.

"ఎడమ మడమ పీకుతోంది అత్తా. తాత దిగొద్దన్నాడు. మంచం దిగితే కేకలేస్తున్నాడు."

పిల్లని పంపేసి పాత పుస్తకాలు దించాను. నొప్పితో విశ్రాంతికి పోయినవాళ్ళు ఇంతకుముందు ఎవరైనా ఉన్నారా, తర్వాత వాళ్ళకేమైందని వెతుకుతూ కూర్చున్నాను. ఇరవైతొమ్మిదో ఏడు పుస్తకంలో దొరికింది. కోటయ్య తాత దస్తూరి.

"రమణమ్మ గారికి ఎడమ మడమ నొప్పి. సింగరాజు గారు బావికి పంపడం మానేశారు. మాన్పించొద్దనే చెప్పాను."

తర్వాత ఎనిమిదేళ్ళ పుస్తకాల్లో రమణమ్మ గారి పేరెదురుగా ఖాళీ. పన్నెండో నెల, ఇరవయ్యో నెల, అన్నీ ఖాళీ. ఆమె ఎలా పోయిందో ఊరందరికీ తెలుసు. ఎముకలు గుల్లబారి, స్నానాల గదిలో జారి, తుంటి విరిగి, లేవలేదు.

ఈ పుస్తకం ఆయనకి చూపించాలా వద్దా? చూపిస్తే ఆ ముసలి గుండె తట్టుకుంటుందా? చూపించకపోతే మనవరాలు అదే మంచం మీద ఉంది.

98వ రోజు

చూపించాను.

ఆయన ఇంట్లో, తలుపు వేసి, ఎవరూ లేకుండా. "బాబాయ్, ఇది వాదించడానికి తీసుకురాలేదు. చదవండి. చదివి నన్ను తిట్టినా సరే," అన్నాను.

చదివారు. పేజీలు తిప్పారు. ఖాళీ గళ్ళ మీద వేలు పెట్టి ఒక్కో నెలా దాటుకుంటూ వెళ్ళారు. ఆ వేలు ఎనిమిదేళ్ళు దాటడానికి చాలాసేపు పట్టింది.

"ప్రేమగానే చేశాను నాంచారమ్మా," అన్నారు చివరికి. "మంచం దగ్గరికే అన్నీ తెచ్చిచ్చాను. నీళ్ళు కూడా నేనే తెచ్చేవాణ్ణి. ఒక్క అడుగు వెయ్యనివ్వలేదు."

"తెలుసు బాబాయ్. అప్పుడు ఎవరికీ తెలియదు. డాక్టరుకే మొన్నటిదాకా తెలియదు."

"కోటయ్య వద్దన్నాడు."

ఆయన ఏడ్చారు. నేను పక్కన కూర్చున్నాను. లోపలి గదిలోంచి పినాకిని తొంగిచూసి, తాత పక్కకొచ్చి నిలబడింది. ఆయన దాని ఎడమ పాదం మీద చెయ్యి వేశారు.

"రేపు పొద్దున మొదటి వేళకి నా పేరు రాయి," అన్నారు నాతో. "ఎడమకి."

99వ రోజు

ఊరంతా అద్దాల వరండాలో ఉంది. సింగరాజు గారు బూట్లు తొడుక్కుని బావి నడుమ నిలబడ్డారు. పైకి చూసి గట్టిగా చెప్పారు.

"ఈ బావి తవ్వినప్పుడు నాకు ముప్పై ఏళ్ళు. కుడి చుట్టు తిరగాలని మాకు ఏ శాస్త్రమూ చెప్పలేదు. మొదటి రోజు ఎవరో కుడికి తిరిగారు, మేం వెనకాలే తిరిగాం. చనిపోయినవాళ్ళకి వేరే దారి కావాలని ఎడమ చుట్టు వాళ్ళకిచ్చాం. ఇప్పుడు ఆ దారి నాకు తిరిగి కావాలి. నా భార్య ఏమీ అనుకోదు. అనుకుంటే నేను వెళ్ళాక నన్నే అడుగుతుంది."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు అందరికీ పాకింది.

ఆయన పరుగందుకున్నారు. గట్టు మీద రెండుసార్లు జారారు. మూడోసారి నేను ఒకవైపు, పినాకిని ఒకవైపు వీపు మీద చెయ్యి ఆనించి తోశాం. ఎక్కారు. తెల్ల జుట్టు ఎగురుతూ ఉంటే గోడ మీద అడ్డంగా నాలుగు చుట్లు తిరిగారు. మూడు దాటగానే వరండాలో ఒక్కటే గోల. చావు చుట్లు మూడే కదా. నాలుగోది బతుకుది.

సాయంత్రానికి పుస్తకంలో ఎడమ చుట్టుకి నూట ముప్పై పేర్లు. మిగతావాళ్ళు రేపు వస్తామన్నారు. పొద్దున కుడి, సాయంత్రం ఎడమ అని పంచాయతీ తీర్మానించింది. ఓట్లు ఏడుకి ఏడు.

131వ రోజు

పని పెరిగింది. అందరి పేర్లకీ రెండు గళ్ళు. అందరి ఇళ్ళ ముందూ మెట్టు అంచున ఒంటికాలి మీద లేస్తూ దిగుతూ జనం. వంటగదిలో గోంగూర కోసే ఆడవాళ్ళు కూడా ఎడమ కాలి మీదే నిలబడి కోస్తున్నారు. మస్తాన్‌వలి గంటకోసారి తిరుగుతూ, "మెల్లిగా, మెల్లిగా," అని అరుస్తున్నాడు. మెత్తటి గొంతు బొంగురుపోయింది.

పినాకినికి నొప్పి ఉండగానే పని మొదలుపెట్టించాడు. నాకు భయం వేసింది. "కొంచెం నొప్పి ఉండొచ్చు అక్కా. మర్నాటికి పెరగకపోతే చాలు," అన్నాడు. పెరగలేదు.

188వ రోజు

సాయంత్రం పరుగులో గురవయ్య తమ్ముడు ఓబులేసు గోడ మీద ఉండగా ఫట్‌మని చప్పుడైంది. జారి కింద పడ్డాడు. అందరం పరుగెత్తాం. ఎడమ కాలు పట్టుకుని కళ్ళు మూసుకుని, "పదోది నేనే, ఊరిని ముంచేశాను, నన్ను క్షమించండి," అంటున్నాడు.

మస్తాన్‌వలి పిక్క నొక్కి చూశాడు. పాదం చక్కగా కదిలింది. నరం తెగితే అలా కదలదట. తర్వాత బూటు విప్పాడు. అట్ట రెండు ముక్కలు.

ఎడమ బూటు అట్ట! పదిహేనేళ్ళలో నేను ఎడమ బూటుకి అట్ట మార్చడం ఇదే మొదటిసారి. ఓబులేసుని కావలించుకున్నాను. వాడు సిగ్గుపడ్డాడు.

262వ రోజు

కొలతలు మళ్ళీ తీశాం. కుడి నూరైతే ఎడమ తొంభై ఆరు. నరం మందం దాదాపు సమానం. నా ఎడమ మడమలోని చిటికెన వేలు ఇంచుమించు బొటనవేలైంది. తెగినవాళ్ళు ఇంకా తొమ్మిదే. వాళ్ళలో గురవయ్య కుంటకుండా నడుస్తున్నాడు.

302వ రోజు

ఓడ దిగి రెండు రోజులైంది. తనిఖీకి వచ్చినావిడ డాక్టర్ బెహరా. గంజాం వైపు మనిషి, తెలుగు బాగా వస్తుంది. నలభై ఐదేళ్ళుంటాయి. నవ్వదు. నూట ఎనభై నాలుగు మందినీ ఒక్కొక్కర్నీ ఎడమ కాలి మీద ఎగరమంది, కుడికాలి మీద ఎగరమంది. యంత్రం కింద పెట్టింది. నా పుస్తకాలన్నీ తీసుకెళ్ళి చదివింది, కోటయ్య తాతవి కూడా.

సాయంత్రం బావి దగ్గరికొచ్చింది. "లెక్కలు బాగున్నాయి. కానీ యంత్రం మీద ఎగరడం వేరు, నిజమైన లాగుడు వేరు. తొందరలో, అలసటలో, అనుకోకుండా కాలు ఊనినప్పుడు నిలుస్తుందా? అది నాకు తెలియాలి. రేపు ఆలోచించి చెబుతాను," అంది.

సింగరాజు గారి మొహం వాడిపోయింది. నేను వేళ అయింది కాబట్టి సాయంత్రం జట్టుని లోపలికి పిలిచాను. తక్కినవాళ్ళని ఆగమని పినాకిని ఒక్కతే దిగింది. ఈ వేళకి నాతోనే పేరు రాయించుకుంది. మనసులో ఏముందో నాకు చెప్పలేదు.

ఎడమ చుట్టు మొదలుపెట్టింది. పది, ఇరవై, ముప్పై. చెమట గోడ మీద చారలు కడుతోంది. యాభై చుట్లు తిరిగాక ఎవరైనా దిగుతారు. ఆమె దిగలేదు. అరవయ్యో చుట్టులో గోడ మీంచి గట్టు మీదికి జారి, పడిపోతున్నట్టు వంగి, ఆ వేగమంతా ఎడమ కాలి మీద ఊని ఒక్క తిప్పుతో వెనక్కి తిరిగి, ఆ కాలితోనే తన్ని, కుడి చుట్టుకి గోడ ఎక్కేసింది.

నలభై ఏళ్ళలో ఎవరూ చేయని పని. అలా చేయొచ్చని కూడా ఎవరూ అనుకోలేదు. "ఒసేయ్!" అని మస్తాన్‌వలి పొలికేక పెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను, కందిపుల్ల చప్పుడు కోసం ఎదురుచూస్తూ. వినిపించింది పరుగు చప్పుడు. ధడ్‌ ధడ్‌ ధడ్‌. రెండు కాళ్ళదీ ఒకటే మోత.

కళ్ళు తెరిచేసరికి మళ్ళీ తిరిగింది. కుడి నుంచి ఎడమకి. మళ్ళీ. అలా ఏడుసార్లు. ఏడోసారి తర్వాత బావి నడుమకి దిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ పైకి చూసి అడిగింది.

"చాలా డాక్టరు గారూ, ఇంకా కావాలా?"

వరండా దద్దరిల్లింది. సింగరాజు గారు నా భుజం పట్టుకుని ఊపేస్తున్నారు. ఆయన ఏం అంటున్నారో నాకు వినపడలేదు, ఆయనకీ వినపడి ఉండదు.

303వ రోజు

పొద్దున భోజనాల గదిలో డాక్టర్ బెహరా కాగితం చదివింది. నెలపాడు ఖాళీ చేయనక్కర్లేదు. అంతే కాదు, చంద్రుడి మీద ఇలాంటి బావులున్న తక్కిన ఆరు ఊళ్ళలోనూ తెగుడు మొదలైందట. అక్కడికి వెళ్ళి నేర్పడానికి మస్తాన్‌వలినీ, బావి కాపరినీ పంపమని అడిగింది. బావి కాపరి అంటే నేనే. నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పక్కన కూర్చున్న సుగుణమ్మ మోచేత్తో పొడిచి చెప్పింది.

యాభైమూడేళ్ళొచ్చాయి. ఈ ఊరు వచ్చాక ఈ ఊరు దాటలేదు. వెళ్తానన్నాను.

సంతకాలయ్యాక ఆవిడ కాగితాలు మడిచి, బల్ల కింద నుంచి ఒక సంచి తీసింది. అందులో కొత్త పరుగు బూట్లు. మొదటిసారి నవ్వింది.

"నేనూ ఒకసారి ఎక్కొచ్చా?"

బావి దాకా ఊరంతా వెంట వచ్చింది. ఆవిడ గట్టు దగ్గర నిలబడి తాళ్ళు బిగించుకుని, వెనక్కి తిరిగి అడిగింది.

"ఏ వైపు తిరగాలి?"

నూట ఎనభై నాలుగు మందీ ఒక్కసారే అరిచారు. సగం మంది కుడికన్నారు, సగం మంది ఎడమకన్నారు. ఆవిడ తెల్లబోయి నావైపు చూసింది. "రెండు వైపులా," అని నేను చెయ్యి అందించాను.